నింపే సూదా, పెంచే సూదా? మొహానికి ఏది వేయించుకోవాలో తేల్చుకునే పద్ధతి

నేను విశాఖలో, సిరిపురం వైపు ఒక చర్మ వైద్యుల క్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. సూది వేసేది డాక్టరమ్మే. మత్తు క్రీమ్ రాయడం, మందు కలపడం, ఐస్ పట్టడం, మర్నాడు వచ్చే ఫోన్లు ఎత్తడం నా వంతు. వేరే ఎక్కడో వేయించుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లని "ఏం వేశారమ్మా?" అని అడిగితే, "ఏదో కొల్లాజెన్ అన్నారు సిస్టర్" అంటారు. సెల్‌ఫోన్‌లో ఉన్న బిల్లు తీయించి చూస్తే హయలురానిక్ యాసిడ్ ఫిల్లర్ (గుంటని నింపే జెల్) అని ఉంటుంది. రెండూ సూదులే, రెండూ మొహానికే. కానీ ఫలితం కనిపించే కాలం వేరు, జాగ్రత్తలు వేరు, తేడా వస్తే చేసే వైద్యం వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి వేయించుకునేవాళ్లు, ఒకటి రెండు చోట్ల మాత్రమే గుంట పడ్డవాళ్లు ఫిల్లర్‌తో మొదలుపెట్టడం మంచిది. నచ్చకపోతే దాన్ని కరిగించేయొచ్చు. నలభై అయిదు దాటి మొహమంతా పీక్కుపోయినవాళ్లు, నాలుగైదు నెలలు ఓపిక పట్టగలిగితే, కొల్లాజెన్‌ని, అంటే చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్‌ని, పెంచే సూదుల గురించి ఆలోచించవచ్చు. పెళ్లి పది రోజుల్లో ఉందని పరుగెత్తుకొచ్చేవాళ్లు ఏదీ వేయించుకోకూడదు. ఇది డాక్టరు మాటకి బదులు కాదు. డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు.

లోపల ఏం జరుగుతుంది

ఫిల్లర్ అని మామూలుగా పిలిచేది హయలురానిక్ యాసిడ్ జెల్. అది మన చర్మంలోనూ కీళ్లలోనూ పుట్టుకతో ఉండేదే, నీటిని పట్టి ఉంచుతుంది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో ఒళ్లే దాన్ని కరిగించేస్తుంది. అందుకని తయారీలో దాని గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేస్తారు. ముడులు ఎక్కువగా ఉన్న గట్టి జెల్ దవడకీ గడ్డానికీ, తక్కువగా ఉన్న మెత్తటిది పెదాలకీ వాడతారు. సూది తీసి అద్దం ఇచ్చేసరికే తేడా కనిపిస్తుంది. రకాన్ని బట్టి, వేసిన చోటుని బట్టి 6 నెలల నుంచి 18 నెలల దాకా ఉంటుంది. జువిడెర్మ్, రెస్టిలేన్ అని మీరు వినే పేర్లు ఈ జాతివే.

కొల్లాజెన్ పెంచే సూదుల్లో కొల్లాజెన్ ఉండదు. ఈ మాట చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఎక్కువగా వినిపించేవి రెండు. ఒకటి పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్, స్కల్ప్‌ట్రా పేరుతో తెలిసినది. ఆపరేషన్లలో వాడే కరిగిపోయే కుట్టు దారాల కుటుంబానికి చెందిన పదార్థం. పొడిగా వస్తుంది, నీళ్లు కలిపి ఎక్కిస్తారు. రెండోది కాల్షియం హైడ్రాక్సీ అపటైట్, రేడియెస్ పేరుతో తెలిసినది. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజం. 25 నుంచి 45 మైక్రాన్ల సన్నటి గుండ్రటి రేణువులుగా చేసి, జెల్‌లో కలిపి సిరంజిలో నింపి ఇస్తారు. పాలీకాప్రోలాక్టోన్ అని మూడోది కూడా ఉంది. తీరు ఇంచుమించు ఇదే.

ఈ రేణువులు చర్మం కిందికి వెళ్లగానే ఒళ్లు వాటిని బయటి వస్తువుగా గుర్తుపట్టి కణాల్ని పంపుతుంది. బయటికి వాపూ ఎరుపూ ఏమీ తెలియనంత చిన్న కదలిక అది. ఆ వెనకాలే కొల్లాజెన్ తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు వచ్చి రేణువుల చుట్టూ కొత్త కొల్లాజెన్ అల్లుతాయి. కొన్నాళ్లకి రేణువు కరిగిపోతుంది, అల్లిన కొల్లాజెన్ మిగులుతుంది. పాలల్లో తోడు వేసినట్టన్నమాట. తోడు కాస్తే, పెరుగయ్యేవి పాలే. అందుకే ఒకే మందు ఒకరికి బాగా పట్టి, సిగరెట్లు తాగే మరొకరికి అంతంతమాత్రంగా పడుతుంది.

"ఇందులో ఆవుది ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగే పెద్దవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 1981లో అమెరికాలో మొదట అనుమతి పొందిన కొల్లాజెన్ సూది ఆవు కొల్లాజెన్‌తో చేసిందే. ఎలర్జీ వస్తుందేమోనని ముందు చేతి మీద పరీక్ష చేసి, వారాలు ఆగి వేసేవారు. ఒకప్పుడు హయలురానిక్ యాసిడ్‌ని కోడిపుంజు తల మీది ఎర్ర తురాయి నుంచి కూడా తీశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఫిల్లర్లకి బాక్టీరియాతో పులియబెట్టి తీస్తున్నారు. స్కల్ప్‌ట్రా, రేడియెస్ రెండూ కృత్రిమంగా తయారుచేసినవే. స్కల్ప్‌ట్రాకి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది అందం కోసం కాదు, హెచ్‌ఐవీ మందుల కాలంలో బుగ్గల కొవ్వు కరిగి మొహం గుంటలు పడ్డవాళ్ల కోసం. ముడతలకి 2009లో వచ్చింది.

పాలల్లో, నీళ్లలో కలుపుకుని తాగే కొల్లాజెన్ పొడి సంగతి వేరు. అది కడుపులో అరిగిపోయే ప్రోటీన్. బుగ్గ గుంట దానితో నిండదు. బోటాక్స్ కూడా ఈ లెక్కలోకి రాదు. అది కండరాన్ని సడలించేది, నుదుటి గీతలకీ కళ్ల పక్క గీతలకీ పనికొస్తుంది.

మీ మొహాన్ని మీరే ముందు చూసుకోండి

క్లినిక్‌కి వచ్చే ముందు ఇంట్లో ఈ పని చేయండి. పొద్దున్నే మొహం కడుక్కుని, పౌడరూ కాటుకా ఏమీ లేకుండా, కిటికీ పక్కన నిలబడి మూడు ఫొటోలు తీయించుకోండి. ఎదురుగా ఒకటి, కుడి పక్కకి సగం తిరిగి ఒకటి, ఎడమ పక్కకి ఒకటి. ఫిల్టర్ వద్దు, నవ్వు వద్దు. పదేళ్ల కిందటి ఫొటో ఒకటి పక్కన పెట్టండి. ఆధార్ ఫొటో మాత్రం వద్దు, అందులో ఎవరూ వాళ్లలా ఉండరు. ఆడపడుచు పెళ్లి ఆల్బమ్‌లో మీరు మామూలుగా నిలబడ్డ ఫొటో ఏదైనా బాగుంటుంది.

ఇప్పుడు పోల్చండి. కణతలు లోపలికి పోయి, బుగ్గ కింద నీడ పడి, మొత్తంగా "ఒంట్లో బాలేదా?" అని నలుగురూ అడిగేలా ఉంటే అది మొహమంతా తగ్గిన కండ. బహిష్టులు ఆగిపోయిన మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుందని చర్మ వైద్యంలో చెప్పే లెక్క. ఇలాంటి మొహంలో ఒక గీతనే పట్టుకుని ఫిల్లర్ నింపితే ఆ గీత ఒక్కటే ఉబ్బి, మిగతాది అలాగే ఉంటుంది. పెంచే సూది ఇక్కడ అర్థవంతం. అలా కాకుండా మొహం బాగానే ఉండి, గడ్డం చిన్నదనో, ఒక బుగ్గ కొంచెం లోపలికి ఉందనో, పెదాలు పలచబడ్డాయనో అయితే ఫిల్లర్ చాలు.

తర్వాత వెల్లకిలా పడుకుని చేతి అద్దంలో చూసుకోండి. పడుకున్నప్పుడు మొహం చాలా బాగుండి, లేచి కూర్చోగానే దవడ దగ్గర సంచిలా దిగిపోతే మీ సమస్య ఎక్కువగా జారిన చర్మం. దానికి ఈ రెండు సూదులూ కొంతవరకే. ఇంకా ఇంకా నింపుకుంటూ పోతే మొహం నీరు పట్టినట్టు అవుతుంది. ఈ ఊళ్లోనే అలాంటి మొహాలు కొన్ని కనిపిస్తున్నాయి, ఎవరివని చెప్పను.

కళ్ల కింద నలుపుకి మరో పరీక్ష. లైటు కింద నిలబడి గడ్డం పైకెత్తి అద్దంలో చూడండి. నలుపు మాయమైతే అది గుంట వల్ల పడే నీడ, పలచటి ఫిల్లర్‌తో కొంత పోతుంది. ఎటు తిప్పినా నలుపు అలాగే ఉంటే రంగే అది. మన ఒంటి రంగువాళ్లలో చాలామందికి కారణం ఇదే. దానికి సూది దండగ, క్రీములూ నిద్రా చూసుకోవాలి. నలుపు పోలేదని డబ్బు వాపసు అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ పరీక్ష చేసుకుని ఉంటే అసలు సూది దాకా వచ్చేవాళ్లే కాదు.

ఏ చోటికి ఏది

పెదాలకి హయలురానిక్ యాసిడ్ ఒక్కటే. స్కల్ప్‌ట్రా గానీ రేడియెస్ గానీ పెదాల్లోకీ కళ్ల చుట్టూ పలచటి చర్మంలోకీ వేయకూడదు, ఉండలు కడతాయి. ఎవరైనా "మాకు అలవాటే, ఏమీ కాదు" అంటే కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

కణతలు, బుగ్గల పల్లం, చెవి ముందు భాగం పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్‌కి బాగా కుదిరే చోట్లు. దవడ గీత గట్టిగా కనిపించాలంటే గట్టి ఫిల్లరైనా, రేడియెస్ అయినా వేస్తారు. రేడియెస్‌లో ఒక వెసులుబాటు ఉంది. దాని జెల్ వల్ల ఆ రోజే కొంత నిండుదనం వస్తుంది, రెండు మూడు నెలల్లో జెల్ పోయేలోపు కొల్లాజెన్ అందుకుంటుంది. ఉజ్జాయింపుగా ఏడాది నుంచి ఏడాదిన్నర ఉంటుంది. బాగా పలచన చేస్తే మెడ గీతలకి కూడా వాడతారు. నరాలు తేలిన చేతుల వెనక భాగానికి దీనికి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. గాజుల చెయ్యి బాగుండాలని అడిగేవాళ్లు మా దగ్గర తక్కువే గానీ, అడిగినవాళ్లు సంతోషంగానే వెళ్లారు.

ముక్కుకి మాత్రం నా మాట వినండి, ఏదీ వద్దు. ముక్కు, కనుబొమల మధ్య చోటు మొహంలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి. అక్కడి రక్తనాళాలకీ కంటి రక్తనాళాలకీ లింకు ఉంది. మందు పొరపాటున నాళంలోకి పోతే చూపు పోవచ్చు. అరుదే. కానీ కొంచెం ముక్కు కోసం పెట్టే పందెం కాదది.

ఈ మధ్య మరో రకం వస్తున్నారు. 2025 మార్చిలో మంజారో అనే బరువు తగ్గించే సూది మన దేశంలోకి వచ్చాక బరువు తగ్గి, దాంతోపాటు బుగ్గలూ పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకి పెంచే సూది పనికొస్తుంది, అయితే బరువు ఒక చోట నిలబడ్డాక. ఇంకా తగ్గుతూ ఉండగా వేస్తే లెక్క కుదరదు.

ముహూర్తాన్ని బట్టి వెనక్కి లెక్క

ఫిల్లర్ అయితే పెళ్లికి నెల ముందు చాలు. వాపు, కమిలిన మచ్చలు రెండు వారాల్లో పోతాయి, సరిచేయాల్సింది ఏమైనా ఉంటే ఇంకో రెండు వారాలు చేతిలో ఉంటాయి.

స్కల్ప్‌ట్రా తరహాది అయితే మాఘమాసంలో కూతురి పెళ్లికి అమ్మ మొహం బాగుండాలంటే దసరాకి మొదలుపెట్టాలి. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య కనీసం మూడు నాలుగు వారాలు, మొత్తం మూడు సిట్టింగ్‌లు, కొందరికి నాలుగు. తేడా కనిపించడం ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నెలలు కూడా పట్టొచ్చు. వచ్చాక రెండేళ్ల దాకా ఉంటుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవని ఖాళీగా ఉండే అమ్మలు ఆ నెలలో మొదలుపెట్టుకుంటే కార్తీకానికి కుదురుకుంటుంది. ఎండా తక్కువ.

పళ్ల డాక్టరు పని ఏదైనా ఉంటే సూదికి రెండు వారాల ముందే ముగించండి, లేదా రెండు వారాల తర్వాత పెట్టుకోండి. నోట్లోంచి రక్తంలోకి చేరిన క్రిములు ఫిల్లర్ దగ్గర తిష్ఠ వేయొచ్చు. వానాకాలంలో మన ఊళ్లో జ్వరాలు మామూలే. జ్వరం తగ్గిన వారానికే రాకండి, పూర్తిగా కోలుకుని రండి.

నలుగు సంగతి పెళ్లివాళ్లు మర్చిపోతారు. ఫిల్లర్ వేసిన రెండు వారాల లోపు సున్నిపిండితో బుగ్గలు రుద్దించుకోవద్దు, ఫేషియల్ కూడా వద్దు. సూది గాట్లు మానేదాకా పసుపు దూరం.

ఎవరి చేత, ఏ పెట్టెలోది

వేసేవాళ్లు చర్మ వ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ, డిప్లొమా చేసిన డాక్టరో, ప్లాస్టిక్ సర్జరీ ఎంసీహెచ్ చేసినవారో అయి ఉండాలి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీదో, ప్రిస్క్రిప్షన్ మీదో ఉంటుంది. బ్యూటీ పార్లర్‌లో ఐబ్రోస్ చేసే అమ్మాయి ఎంత నేర్పరి అయినా ఇది ఆ పని కాదు. సూది లేకుండా ఒత్తిడితో కొట్టే హయలురాన్ పెన్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలాంటివి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది.

పెట్టె మీ ముందే తెరవమనండి. సీలు, లాట్ నంబరు, గడువు తేదీ, దిగుమతి లైసెన్స్ వివరం చూడండి. లోపల స్టిక్కర్లుంటాయి. ఒకటి మీ ఫైలులో అతికించమనండి, ఒకటి మీరు తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. మంచి క్లినిక్‌లో అడగకముందే ఇస్తారు.

"మా చెల్లీ నేనూ ఒక సిరంజి పంచుకుంటాం సిస్టర్" అనేవాళ్లుంటారు. చీర పంచుకోండి, సిరంజి వద్దు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి వచ్చే నెల వేస్తామన్నా ఒప్పుకోవద్దు, తెరిచిన సిరంజి ఆ పూటకే.

స్కల్ప్‌ట్రా అయితే ఎన్ని మిల్లీలీటర్లలో కలుపుతున్నారో అడగండి. ఇది నా చేతి పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. చిన్న సీసాలో అడుగున తెల్లటి బిళ్లలా పొడి ఉంటుంది. సూది మూతలోంచి దించి, స్టెరైల్ వాటర్ గోడవారగా మెల్లగా జార్చాలి. ఒకప్పుడు 5 మిల్లీలీటర్లు పోసి కనీసం 2 గంటలు కదపకుండా నాననిచ్చేవారు. తర్వాత కంపెనీ సూచనలు మారాయి. ఇప్పుడు 8 పోసి, ఒక నిమిషం గట్టిగా కుదిపి, 1 మిల్లీలీటరు లిడోకైన్ (మత్తుమందు) కలిపి వెంటనే వాడొచ్చు. కలిశాక పలచటి మజ్జిగ రంగులో, నురగతో ఉంటుంది. అడుగున పొడి పేరుకుని కనిపిస్తే ఇంకా కలవలేదని. ఇంత చాదస్తం ఎందుకంటే, ఈ మందు వాడుకలోకి వచ్చిన తొలి ఏళ్లలో చిక్కగా కలిపి వేసేవారు, చర్మం కింద ఉండలు ఎక్కువగా వచ్చేవి. పలచన చేశాక తగ్గాయి.

హయలురోనిడేజ్ క్లినిక్‌లో ఉందా అని కూడా అడగండి. కంటి ఆపరేషన్లలో మత్తు బాగా పాకడానికి వాడే మందే అది, 1500 యూనిట్ల పొడి చిన్న సీసాలో దొరుకుతుంది. ఫిల్లర్‌ని కరిగించేది అదే. అది లేని చోట ఫిల్లర్ వేయించుకోకండి. స్కల్ప్‌ట్రాకీ రేడియెస్‌కీ ఇలాంటి విరుగుడు లేదు. వేసేశాక ఒళ్లు కరిగించుకునేదాకా ఉండాల్సిందే. మొదటిసారికి ఫిల్లర్ అని నేను పట్టుబట్టేది ఇందుకే.

మీరు దాచకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గర్భం, పాలిచ్చే తల్లులు: రెండూ వద్దు. చెవి కుట్టిన చోటో, బీసీజీ టీకా వేసిన చోటో మచ్చ కాయలా పెరిగిందా? అయితే పెంచే సూది మీకు కాదు. లూపస్, కీళ్లవాతం లాంటివి ఉంటే స్పెషలిస్టుని అడగాలి. షుగర్ అదుపులో ఉండాలి. పెదాల మీద జ్వరపొక్కులు తరచూ వస్తాయంటే ముందే మాత్ర ఇస్తారు. తేనెటీగ కుడితే ఒళ్లంతా వాచేవాళ్లు తప్పక చెప్పండి, హయలురోనిడేజ్ పడకపోవచ్చు. బ్రూఫెన్, కాంబిఫ్లామ్, చేపనూనె, విటమిన్ ఇ క్యాప్సూల్స్ వారం ముందు ఆపితే కమలడం తగ్గుతుంది. గుండె డాక్టరు రాసిన ఎకోస్ప్రిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఆ రోజు, ఆ వారం

అపాయింట్‌మెంట్ పొద్దున పూట తీసుకోండి. సాయంత్రం వేయించుకుంటే, తేడా వచ్చే సరికి క్లినిక్ మూసేసి ఉంటుంది. శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో వచ్చేవాళ్లు ఆ సాయంత్రం బండికే వెళ్లిపోవద్దు. ఏ పిన్నిగారింట్లోనో రాత్రికి ఆగండి. స్కూటీ మీద కూడా రావద్దు. బుగ్గలకి ఫిల్లర్ వేయించుకుని బిగుతైన ఫుల్ హెల్మెట్ పెట్టుకుంటే ఆ ఒత్తిడంతా దాని మీదే. హెల్మెట్ తీసి నడిపితే జంక్షన్‌లో చలానా. ఆటో ఎక్కండి.

రెండు రోజులు జిమ్, ఆవిరి పట్టడం, మందు పార్టీ వద్దు. బీచ్ రోడ్డు వాకింగ్ మర్నాటి నుంచి నెమ్మదిగా చేయొచ్చు, ఎండ ఎక్కకముందే. రాత్రి వెల్లకిలా పడుకోండి. సన్‌స్క్రీన్ మానొద్దు, సూది గుచ్చిన చోట మన రంగుకి నల్లమచ్చ తొందరగా నిలబడిపోతుంది.

మర్దనా విషయం అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది. స్కల్ప్‌ట్రా వేశాక రోజుకి 5 సార్లు, సారికి 5 నిమిషాలు, 5 రోజులు మర్దనా చేసుకోవాలి. రేణువులు ఒక చోట పోగవకుండా పరుచుకోవడానికి. హయలురానిక్ ఫిల్లర్‌కి ఇది సరిగ్గా వ్యతిరేకం, చెయ్యి పెట్టకూడదు. మర్రిపాలెం నుంచి ఒక వదినా ఆడపడుచూ కలిసి వచ్చారు. వదినకి స్కల్ప్‌ట్రా, ఆడపడుచుకి బుగ్గల మీద ఫిల్లర్. చెరో కాగితం రాసిచ్చాం. మూడో రోజు ఆడపడుచు ఫోను: "సిస్టర్, కుడి బుగ్గ కిందికి వచ్చినట్టుంది, బాగా రుద్దుతూనే ఉన్నాను కదా!" ఎవరు రుద్దమన్నారమ్మా అంటే, "వదిన చేసుకుంటోంది, మంచిదేమోనని." జెల్ కొంచెం పక్కకి జరిగింది. డాక్టరమ్మ సరిచేశారు గానీ, ఆ ఇంట్లో వదినకి రావలసిన మాటలు వచ్చాయట. మీ కాగితం మీదే, మీ చెల్లెలిది మీ చెల్లెలిదే.

స్కల్ప్‌ట్రావాళ్ల ఫోను ఇంకోలా ఉంటుంది. "వేసిన రోజు ఎంత బాగుందో సిస్టర్, మూడో రోజుకే మొత్తం పోయింది, మోసపోయాం" అని. ఆ రోజు కనిపించింది మందుతో పాటు ఎక్కించిన నీళ్లు. అవి రెండు మూడు రోజుల్లో ఇంకిపోతాయి, మొహం మళ్లీ పాతలా అవుతుంది. అసలు పని అప్పుడే మొదలవుతోంది. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ రెండు నెలలూ టెన్షన్ పడక్కర్లేదు. రోజూ అద్దంలో వెతక్కండి. మొదట్లో తీసుకున్న మూడు ఫొటోలు, అదే కిటికీ దగ్గర, నెలకోసారి తీసి పోల్చుకోండి.

వెంటనే పరిగెత్తాల్సినప్పుడు

కొంచెం వాపు, ముట్టుకుంటే నొప్పి, కమలడం మామూలే. మామూలు కానివి ఇవి: సూది వేసిన చోటో, దాని పై భాగమో పాలిపోవడం, ఊదా రంగు వల అల్లినట్టు చర్మం మీద గీతలు రావడం, పెరుగుతూ పోయే నొప్పి, చర్మం చల్లబడటం, తర్వాత చిన్న చీము పొక్కులు. మందు రక్తనాళాన్ని మూసేసినప్పుడు ఇలా అవుతుంది. చామనఛాయ మొహం మీద పాలిపోవడం సరిగా కనిపించదు. అందుకని వేలితో నొక్కి వదలండి. రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రెండో బుగ్గ మీద కూడా నొక్కి పోల్చండి. ఆలస్యంగా వస్తుంటే ఎంత రాత్రయినా డాక్టరుకి ఫోన్ చేయాలి. అందుకే ఇంటికి వెళ్లే ముందే డాక్టరు సొంత నంబరు అడిగి తీసుకోండి, రిసెప్షన్‌ది కాదు. ఫిల్లర్ అయితే హయలురోనిడేజ్ ఎంత తొందరగా పడితే అంత చర్మం దక్కుతుంది.

చూపు మసకబారినా, కన్ను నొప్పి పుట్టినా, రెప్ప వాలినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగొద్దు. కంటి రెటీనాకి రక్తం ఆగితే చేతిలో ఉండేది గంట, గంటన్నర. కంటి విభాగం, క్యాజువాల్టీ రెండూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్తూ దారిలో డాక్టరుకి ఫోన్ చేయండి. కేజీహెచ్ ఉన్న ఊరు మనది, దారి వెతుక్కోవలసిన పని లేదు.

నెలల తర్వాత చర్మం కింద చిన్న ఉండ తగిలితే అంత కంగారు అక్కర్లేదు. పిసకొద్దు, చూపించండి. పెంచే సూదుల తర్వాత వచ్చే ఉండలు కొన్ని వాటంతట అవే పోతాయి, కొన్నిటికి ఇంజెక్షన్ అవసరమవుతుంది.

డబ్బు లెక్క

సిరంజి ధర అడిగి ఊరుకోకండి. రెండేళ్లకి మొత్తం ఎంతవుతుందో అడగండి. ఫిల్లర్ తక్కువ ఖర్చుగా కనిపిస్తుంది, కానీ రెండేళ్లలో మళ్లీ వేయించుకోవలసి రావచ్చు. స్కల్ప్‌ట్రా తరహాది మొదట్లోనే మూడు సిట్టింగ్‌లు, సిట్టింగ్‌కి ఒకటి రెండు సీసాలు. వయసులో పదేళ్లకొక సీసా అని ఒక మోటు లెక్క ఉంది, అంటే యాభై ఏళ్లావిడకి అన్ని సిట్టింగ్‌లూ కలిపి అయిదు. అది అంచనాకే, మీ మొహం చూసి చెప్పాలి. మూడు సిట్టింగ్‌ల డబ్బూ ముందే కట్టేస్తే డిస్కౌంట్ అంటారు. నేనైతే ఏ సిట్టింగ్‌కి ఆ సిట్టింగ్ కట్టమంటాను. రెండో దానికే సరిపడా ఫలితం వచ్చి ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ఏడాదికోసారి అలవాటుగా ఫిల్లర్ నింపుకునేవాళ్లు కూడా, పాతది ఎంత మిగిలిందో డాక్టరు చేత్తో చూశాకే కొత్తదానికి ఒప్పుకోండి.

స్టిక్కర్ అతికించిన కాగితాన్ని షుగర్, బీపీ రిపోర్టులున్న ఫైలులోనే పెట్టండి, విడిగా దాచొద్దు. రేడియెస్ రేణువులు కాల్షియం కాబట్టి ఎక్స్‌రేలోనూ సీటీ స్కాన్‌లోనూ తెల్లగా కనిపిస్తాయి. సైనస్‌కో, పళ్లకో, తలకో స్కాన్ తీయించుకునేటప్పుడు ఏ చోట, ఏ నెలలో వేయించుకున్నారో టెక్నీషియన్‌కి ముందే చెప్పండి.